స్త్రీల ఆదివారానికి ఏ వాక్యం?

తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఏడాదికి ఒక ఆదివారం ఆరాధన అంతా ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది. ప్రార్థన వాళ్ళదే, పాటలు వాళ్ళవే, వాక్యం చెప్పేదీ వాళ్ళలో ఒకరే. ఆ రోజు చదివే భాగం మాత్రం తరచూ ఒక్కటే: సామెతల గ్రంథం 31వ అధ్యాయం, పదో వచనం నుంచి చివరిదాకా, గుణవతి అయిన భార్య గురించి. గుంటూరులోని ఒక సంఘంలో ఈసారి వాక్యం చెప్పమని ఒక స్టాఫ్ నర్సును అడిగారు. ఆ భాగం మీద తాను చెప్పనంది. స్త్రీల సమాజానికి చాలాకాలం కార్యదర్శిగా చేసిన ఆమె పెద్దమ్మ, చెప్పాల్సిందేనంది. దేవుడు ఆడమనిషికి ఇచ్చిన బలం ఏ పనికి ఇచ్చాడన్నదే అసలు తగువు. ఇద్దరి మాటా నాకు బరువుగానే తోచింది గనుక ఎవరిదీ తగ్గించకుండా రాస్తున్నాను. నా మొగ్గు ఎటో దాచను కూడా.

పెద్దమ్మ: ఏమే, సామెతలు 31 వద్దన్నావంట. శుక్రవారం కూడికలో అమ్మగారు నన్నడిగింది, మీ అమ్మాయికి బైబిల్లో ఆ పేజీ మీద కోపమా అని.

అమ్మాయి: పేజీ మీద కోపమేం లేదు పెద్దమ్మా. దాన్ని మనం వాడే తీరు మీద. చీకటితోనే లేచింది, దీపం ఆర్పలేదు, ఇంటిల్లిపాదికీ పెట్టింది. ఇంతవరకు చదివి, చూశారా అట్టా ఉండాలి అని కూచుంటాం. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, క్యారేజీలు సర్ది, మిరపకోతకు పోయి, పొద్దుగూకి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూచునే మనిషికి చీకటితోనే లేవమని ఇంకా ఒకరు చెప్పాలా? ఇంకో గంట పడుకోమ్మా అని చెప్పే దిక్కు కావాలి ఆమెకి.

పెద్దమ్మ: లేవమని చెప్పడానికి కాదే చదివేది. నువ్వు లేచేది దేవుడు చూస్తున్నాడని చెప్పడానికి. మిరపకోతకు పోయే మనిషిని ఎవరు పట్టించుకుంటారు? మేస్త్రీ కోసిన కాయ తూకం చూస్తాడు. మొగుడు కంచంలో కూడు చూస్తాడు. ఏడాదికొకసారి గుళ్ళో కూచుని, తను చేసే చాకిరీ దేవుడి గ్రంథంలో ఇంత వివరంగా రాసి ఉందా అని ఆశ్చర్యపోతుంది. ఆమెకు దక్కేది ఆ ఒక్క పూటే. అదీ తీసేస్తావా?

అమ్మాయి: తీసెయ్యను. మొత్తం చదువుదామంటున్నాను. ఆమె పొలం చూసి, మంచిచెడ్డలు ఆలోచించి కొనింది. తన రాబడితో ద్రాక్షతోట వేయించింది. నారబట్టలు నేయించి వర్తకులకు అమ్మింది. పేదవాళ్ళకు చెయ్యి చాపింది. పొలం కొన్నదంటే బేరమాడింది, డబ్బు లెక్క చూసుకుంది, సరిహద్దు రాయి చూసుకుంది. ఇవన్నీ మనం గబగబా దాటేస్తాం, దీపం దగ్గర మాత్రం ఆగుతాం. ఇంకోటి. ఆ అధ్యాయం పదో వచనంతో మొదలవలేదు. మొదటి తొమ్మిది వచనాలు స్త్రీల ఆదివారం నాడు చదవగా నేను ఇంతవరకు వినలేదు.

పెద్దమ్మ: అవి లెమూయేలు రాజుకు వాళ్ళమ్మ చెప్పిన బుద్ధులు.

అమ్మాయి: అదే కదా. సింహాసనం మీద ఉన్నవాడికి ఒక ఆడమనిషి చెప్పిన పాఠం. తాగుడు నీకు తగదు నాయనా, తాగితే దిక్కులేనివాళ్ళ న్యాయం తలకిందులు చేస్తావు అని చెప్పింది. నోరులేనివాళ్ళ తరఫున నోరు తెరవమంది. ఆ తర్వాతే గుణవతి సంగతి. ముందు సగం వదిలేసి వెనక సగం చదవడం వల్లనే ఆ ఆడమనిషి మనకు వంటింటి మనిషిగా మిగిలింది.

పెద్దమ్మ: సరే, రాజుకు పాఠం చెప్పింది. ఎక్కడ చెప్పింది? సభలో నిలబడి చెప్పిందా? పాలిచ్చిన పిల్లవాడికి ఇంట్లో చెప్పుకుంది. ఆ పిల్లవాడు రాజయ్యాక కూడా మరిచిపోలేదు. మన బలం అక్కడుంది. మగవాడు నాలుగు రోడ్ల కూడలిలో అరిచినా ఎక్కని మాట, తల్లి అన్నం కలిపిపెడుతూ చెబితే ఎక్కుతుంది. మీకు అది చిన్నపనిగా కనిపిస్తోంది. నాకు కనిపించదు. నీకు మీ అమ్మమ్మ సంగతి తెలుసుగా?

అమ్మాయి: బైబిలు స్త్రీగా చేసిందని తెలుసు.

పెద్దమ్మ: తెలుసు అంటే సరిపోదు. తెల్ల చీర, నల్ల గొడుగు, గుడ్డసంచి. సంచిలో బొమ్మల చుట్ట ఒకటి, లూకా సువార్త చిన్న పుస్తకాలు నాలుగైదు, తమలపాకుల పొట్లం. మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళు పొలాన ఉండే వేళ చూసుకొని రైతుల ఇళ్ళకు పోయేది. ఉపదేశికుడు ఆ ఇళ్ళ వాకిలి దాటలేడు. ఈమె దొడ్డిదారిన పోయి పెరటి వసారాలో కూచునేది. దాహమైతే చెంబు ఎత్తి దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళు, మనం పల్లెవాళ్ళం కదా. ఎత్తి పోసిన నీళ్ళు దోసిట్లో పట్టుకొని తాగి, మూతి తుడుచుకొని, నీళ్ళు పోసిన ఆ కోడలిచేతనే ఇసుకలో అఆలు దిద్దించింది మా అమ్మ. చదువు రాని అగ్రకులం కోడలికి, పల్లెలోంచి వచ్చిన ఆడమనిషి పంతులమ్మ. ఏ ప్రసంగ వేదిక ఎక్కితే వస్తుందే ఆ బలం? అది సాధువైన మనసు. మాట పడి నిలబడే మనసు.

అమ్మాయి: మరి ఆమె జీతం?

పెద్దమ్మ: జీతం సంగతి ఎందుకు ఇప్పుడు?

అమ్మాయి: నువ్వే ఒకసారి చెప్పావు, ఉపదేశికుడికి ఇచ్చేదాంట్లో సగం కూడా ఇచ్చేవాళ్ళు కాదని. గుళ్ళో తలుపు పక్కన నల్లరాతి పలక ఉంది. సేవ చేసిన అయ్యగార్ల పేర్లన్నీ ఉన్నాయి, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అని. అమ్మమ్మ పేరు ఏదీ?

పెద్దమ్మ: జీవగ్రంథంలో ఉంది.

అమ్మాయి: అయ్యగార్ల పేర్లూ అక్కడ ఉన్నాయిగా. వాళ్ళకు రాయి కూడా కావాల్సి వచ్చింది, అమ్మమ్మకు అక్కర్లేకపోయిందా?

ఇక్కడ పెద్దమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత ఆమె అన్న మాట నన్ను ఆపింది: పేరు చెక్కనివాళ్ళ తప్పుకు, పేరు కోసం చెయ్యని మనిషిని తక్కువ చెయ్యొద్దంది. ఆ దోసిట్లో నీళ్ళ సంగతిని నేనూ తేలిగ్గా తీసుకోలేను. మాటపడటం బలమని నేనొప్పుకోను. కానీ ఎవరి ముందు చెయ్యి చాపి నీళ్ళు తాగాల్సి వచ్చిందో వాళ్ళకే గురువుగా కూచోవడం మాత్రం మామూలు బలం కాదు. సంఘ చరిత్ర రాసేవాళ్ళు బాప్తిస్మాల సంఖ్యలు రాశారు. ఆ పెరటి వసారాలను కూడా రాసి ఉండాల్సింది.

పెద్దమ్మ: నువ్వు నర్సింగ్ చదివిన ఆసుపత్రి మాట చూడు. కుగ్లరమ్మ కట్టినది. ఆమె ఎవరితో పోట్లాడి కట్టింది?

అమ్మాయి: ఆమె సంగతి మాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు. అన్నా సారా కుగ్లర్ పెన్సిల్వేనియాలో డాక్టరు చదువు చదివి 1883లో గుంటూరు వచ్చింది. పంపిన లూథరన్ స్త్రీల మిషను వాళ్ళు అప్పటికి వైద్యం పనికి సిద్ధంగా లేరు. ఘోషా ఇళ్ళలో ఆడవాళ్ళకు చదువు చెప్పమని పంపారు. ఈమె మందులు వెంట తెచ్చుకుంది. మగడాక్టరుకు చెయ్యి చూపించకుండా చచ్చిపోయే ఆడవాళ్ళు ఆమె కళ్ళ ముందు ఉన్నారు. అప్పగించిన పని అది, దేవుడు చేతికి ఇచ్చిన పని ఇది. రెండోది వదల్లేదు. ఆసుపత్రి తెరిచేసరికి 1898.

పెద్దమ్మ: చూశావా, పదిహేనేళ్ళు. నేనంటున్నది అదే. ఇచ్చిన బడి నడిపింది. వచ్చిన రోగిని చూసింది. పెద్దలు మీరు తప్పు అని కాయితాలు అంటించలేదు. పని చూసి వాళ్ళ మనసే మారింది. 1930లో ఇక్కడే, గుంటూరులోనే కన్నుమూసింది. నువ్వైతే మొదటి ఏడాదే రాజీనామా రాసి ఓడ ఎక్కుదువు.

అమ్మాయి: ఎక్కుదునేమో! కానీ పెద్దమ్మా, ఆమె నోరు మూసుకొని ఉంటే డబ్బు ఎట్టా వచ్చింది? అమెరికాలో లూథరన్ ఆడవాళ్ళు చందాలు వేశారు. అడిగితేనే వేశారు. ఫలానా చోట ఆడవాళ్ళు చనిపోతున్నారని ఈమె చెబితేనే వాళ్ళకు తెలిసింది. నెమ్మదిగా అడిగి ఉండొచ్చు, కేకలు వెయ్యకపోయి ఉండొచ్చు. అడగడం మాత్రం మానలేదు. నువ్వు ఆమె ఓపికను తీసుకొని, ఆమె అడగడాన్ని వదిలేస్తున్నావు.

పెద్దమ్మ: నువ్వు అడగడాన్ని తీసుకొని ఓపిక వదిలేస్తున్నావు.

అమ్మాయి: సరే, అది నా మీద పడనీ.

పౌలు సంగతి రాక తప్పదు, వచ్చింది. ఆ వాదన ఎలా నడుస్తుందో సంఘాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు గనుక కుదించి చెబుతాను. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని కొరింథీయులకు రాసిన మాట, ఉపదేశించడానికి సెలవివ్వనని తిమోతికి రాసిన మాట పెద్దమ్మ గుర్తు చేసింది. అదే కొరింథు పత్రికలో అంతకు మూడు అధ్యాయాల ముందు స్త్రీలు ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలన్నాడు కదా, మౌనంగా ఉండేవాళ్ళు ప్రవచించేది ఎట్టా అని అమ్మాయి అడిగింది. రోమా పత్రిక చివరి అధ్యాయంలో కెంక్రేయ సంఘపు ఫీబే, ప్రిస్కిల్ల, యూనీయ వరసగా కనిపిస్తారు. వీళ్ళలో ప్రిస్కిల్ల దగ్గర పెద్దమ్మ గట్టిగా పట్టుకుంది.

పెద్దమ్మ: ప్రిస్కిల్ల అపొల్లోకు నేర్పింది, నిజమే. సమాజమందిరంలో అతను మాట్లాడుతుంటే లేచి, నీకు పూర్తిగా తెలియదు కూచో అనలేదు. మొగుడూ పెళ్ళాం కలిసి ఇంటికి పిలిచారు. ఇంట్లో కూచోబెట్టి నేర్పారు.

అమ్మాయి: ఇంట్లోనే నేర్పింది. అంత పెద్ద వాక్చాతుర్యం ఉన్న పండితుడు, గుడారాలు కుట్టుకునే ఆడమనిషి చెబితే కూచుని విన్నాడు. నువ్వు ఆమె కూచున్న చోటు చూస్తున్నావు. నేను ఎదురుగా ఎవరు కూచున్నారో చూస్తున్నాను. నేర్పే వరం ఆమెకు ఎవరిచ్చారు? దేవుడిచ్చిన వరానికి గడప గీత గీసేది ఎవరు? పక్కన సీఎస్ఐ వాళ్ళు 1976 నుంచే ఆడవాళ్ళకు గురుపట్టం ఇస్తున్నారు. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలితగారు బిషప్ అయ్యారు. ఆకాశం విరిగి మీద పడలేదు.

పెద్దమ్మ: పడుతుందని నేనూ అనలేదు. రాజమండ్రి లూథర్‌గిరిలో నేను చదివిన షార్లెట్ స్వెన్సన్ బైబిలు స్కూలును నడిపింది బి.వి. సుబ్బమ్మగారే. రైతుబిడ్డ. ఆమె ముందు నిలబడితే పెద్ద పెద్ద అయ్యగార్లు మాట తడుముకునేవాళ్ళు. నాయకత్వం ఆడదానికి తగదు అనే మనిషిని కాను నేను. సుబ్బమ్మగారు ఇంకో మాట కూడా చెప్పేది. క్రీస్తును నమ్ముకున్న కోడల్ని ఆమె ఇంటి నుంచి, బంధువుల నుంచి తెంపి తీసుకురావద్దు అని. 1970లో దాని మీద పుస్తకమే రాసింది. ఇల్లు నిలబడాలి. ఇల్లు కూలిపోయాక నువ్వు ఎంత గొప్ప ప్రసంగం చేసినా వినేది ఎవరు? నా భయం అదీ.

అమ్మాయి: ఇల్లు నిలబడాలి అనేటప్పుడు దూలం కింద భుజం పెట్టేది ఎప్పుడూ ఒక్కరేనా అన్నది నా ప్రశ్న.

పెద్దమ్మ: ఒక్కరే పెడతారు చాలాసార్లు. అది అన్యాయమే. వదిలేస్తే పిల్లల మీద పడుతుంది. అందుకని పెడతారు.

అమ్మాయి: పిడికెడు బియ్యం సంగతి మాట్లాడుకుందామా?

పెద్దమ్మ: దానికేమొచ్చింది?

దానికేమొచ్చిందో నేను చెబుతాను, ఎందుకంటే ఇది కళ్ళారా చూడాల్సిన విషయం. పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంటుంది, పాత హార్లిక్స్ సీసానో, పాలపొడి డబ్బానో. రెండు పూటలా ఎసట్లో పోసేముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేస్తారు. ఇంట్లో సోలెడే ఉన్నా ఆ పిడికెడు తగ్గదు, ఆ పూట తల్లి గంజితో సరిపెట్టుకుంటుంది. ఆదివారం ఆ డబ్బాలు గుడి వసారాలో పెద్ద గంపలోకి ఒంపుతారు. సన్నబియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ కలిసిపోతాయి. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. చాలా పల్లె సంఘాల్లో గుడి పైకప్పు, మైకుసెట్టు, ప్రహరీగోడ ఆ గంపలోంచి లేచాయి.

అమ్మాయి: మన గుడి రేకులు తీసి స్లాబు వేసింది ఆ డబ్బుతోనే కదా. స్లాబు ఎవరికి కాంట్రాక్టు ఇవ్వాలో తేల్చిన రోజున కమిటీలో ఎంతమంది ఆడవాళ్ళున్నారు?

పెద్దమ్మ: ఎవరూ లేరు. నన్ను పిలిచి లెక్క ఒప్పజెప్పమన్నారు. ఒప్పజెప్పి వచ్చేశాను.

అమ్మాయి: ఒప్పజెప్పి వచ్చేశావు. పిడికిలి మనది, నిర్ణయం వాళ్ళది. యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది ఆడవాళ్ళు తమ ఆస్తితో యేసుకు, శిష్యులకు ఉపచారం చేశారని లూకా ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఆయన వాళ్ళ డబ్బు తీసుకొని వాళ్ళను గడప అవతల నిలబెట్టలేదు. ఊరూరా తనతో తిప్పుకున్నాడు. పునరుత్థానం నాటి తెల్లవారుజామున కబురు ఇచ్చి పంపింది కూడా వాళ్ళనే. శిష్యులు వాళ్ళ మాట నమ్మలేదు, వెర్రిమాటలనుకున్నారు. కమిటీలు అప్పటి నుంచీ అంతే.

పెద్దమ్మ: నీ నోరు! ...అయినా ఈ మాట నేను కాదనను. లెక్క ఒప్పజెప్పి వచ్చేటప్పుడు నా మనసూ చివుక్కుమంది. కానీ దేవుడికి ఇచ్చాక ఇచ్చిందాని మీద పెత్తనం అడగకూడదని ఊరుకున్నాను. సరే, సామెతలు కాక ఏం చెబుదామని నీ ఉద్దేశం?

అమ్మాయి: సంఖ్యాకాండం 27. సెలోపెహాదు కూతుళ్ళు.

పెద్దమ్మ: ఆస్తి తగాదా. స్త్రీల ఆదివారం నాడు ఆస్తి తగాదా.

అమ్మాయి: తగాదా కాదు పెద్దమ్మా, మనవి. తండ్రి అరణ్యంలో చనిపోయాడు, కొడుకుల్లేరు. ప్రత్యక్షపు గుడారం వాకిట్లో మోషే, యాజకుడైన ఎలియాజరు, పెద్దలు, సర్వసమాజం చూస్తుండగా అయిదుగురు అక్కచెల్లెళ్ళు వచ్చి నిలబడ్డారు. మా నాన్న పేరు ఎందుకు మాసిపోవాలి, మాకూ స్వాస్థ్యం ఇవ్వండి అన్నారు. మోషేకు ఏం చెప్పాలో తెలియక దేవుడి దగ్గరకు తీసుకెళ్ళాడు. వాళ్ళు అడిగింది న్యాయమే అన్నాడు దేవుడు. వాళ్ళకు మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు, అందరికీ కట్టడ చేశాడు. ఆడపిల్లలు నోరు తెరిచి అడిగితే దేవుడు ధర్మశాస్త్రంలో ఒక విధి చేర్చిన చోటు అది. మన ఆడపిల్లలకు ఆ అధ్యాయం ఉందని కూడా తెలీదు.

పెద్దమ్మ: అదే గ్రంథం 36వ అధ్యాయం కూడా ఉంది. గోత్రపు పెద్దలు వచ్చి, వీళ్ళు వేరే గోత్రంవాళ్ళను చేసుకుంటే మా భూమి పోతుందన్నారు. దేవుడు వాళ్ళ మాటా విన్నాడు. తండ్రి గోత్రంలోనే పెళ్ళి చేసుకోమన్నాడు. ఆ పిల్లలు అలాగే అని చేసుకున్నారు. అడగడం తెలిసినవాళ్ళకు లోబడటం కూడా తెలుసు. 27 చెబితే 36 కూడా చెప్పాలి.

అమ్మాయి: చెబుతాను. పెద్దమ్మా, తాతయ్య పోయినప్పుడు నీతో, మా అమ్మతో ఏదో కాయితం మీద సంతకాలు పెట్టించారంట కదా?

పెద్దమ్మ: పెట్టించారు. మావయ్య తెచ్చాడు. హక్కు వదులుకున్నట్టు.

అమ్మాయి: చదివావా?

పెద్దమ్మ: చదివేదేముంది? అక్కడ పెట్టు అన్నాడు, పెట్టాను. పెళ్ళికి కట్నం ఇచ్చారుగా. ఇంకేం హక్కు?

అమ్మాయి: కట్నం ఇస్తే వాటా పోతుందని ఏ చట్టంలోనూ లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే కొడుక్కి ఎంతో కూతురికీ అంతే. హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు దేశమంతటా 2005లో వచ్చింది. మనకు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ ఉంది, మనకే తెలీదు. కేరళలో తిరువాన్కూరు క్రైస్తవులకు 1916 నాటి వేరే చట్టం ఉండేది. కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదంటే 5,000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది కూతురికి. మేరీ రాయ్ కోర్టుకు పోయి పోరాడితే 1986లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ తీర్పు మీద సంఘాల్లోనే కొందరు మండిపడ్డారు.

పెద్దమ్మ: ఆమె తోడబుట్టినవాడి మీదే కేసు వేసింది. నేనట్టా చెయ్యలేను. చెయ్యను. మావయ్యకు ముగ్గురు పిల్లలు, ఎకరం చెక్క. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను. తెలిసి అడిగినా వదులుకునేదాన్నే.

అమ్మాయి: తెలిసి వదులుకుంటే అది నువ్విచ్చిన కానుక. నీ త్యాగాన్ని నేను నెత్తిన పెట్టుకుంటాను. తెలియకుండా సంతకం పెట్టించుకుంటే మాత్రం నీ చేత ఇప్పించలేదు, నీ దగ్గర తీసుకున్నారు. ఇచ్చే గౌరవం కూడా నీకు మిగల్చలేదు.

పెద్దమ్మ: ...

ఈ చోట ఏం రాయాలో నాకు తెలుసు, అమ్మాయి మాటే నా మాట. మన సంఘాలు ఆడవాళ్ళ త్యాగాన్ని పొగిడినంతగా, ఆ త్యాగం చేసేముందు వాళ్ళకు ఏముందో చెప్పలేదు. 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టం 2001లో సవరించేదాకా ఎట్లా ఉందో చూడండి. భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే మొగుడికి విడాకులు దొరికేవి. పెళ్ళానికి మొగుడి వ్యభిచారం ఒక్కటే చాలదు, దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో ఇంకోటి రుజువు చెయ్యాలి. కేవలం కొడుతున్నాడంటే విడాకులు లేవు. నూట ముప్పై ఏళ్ళకు పైగా పుస్తకంలో ఉన్న చట్టం అది. ఆ కాలమంతా ఏటా స్త్రీలకు ఓర్పు గురించే చెప్పి ఉంటాం.

అమ్మాయి: ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. ఆమధ్య నైట్ డ్యూటీలో మన సంఘపు ఆమె వచ్చింది. పేరు వద్దు, నీకు తెలుసు. ముంజేతి ఎముక విరిగింది. స్నానాల గదిలో జారి పడ్డానంది. జారి పడ్డ చెయ్యి ఎట్టా ఉంటుందో, అడ్డం పెట్టుకున్న చెయ్యి ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. కట్టు కట్టేటప్పుడు మెల్లగా చెప్పింది, పెద్దలకు చెప్పుకుంటే ప్రార్థన చేసుకో, ఓర్చుకో, నీ ఓర్పు చూసి అతను మారతాడు అన్నారంట. అబీగయీలు ఏం చేసింది పెద్దమ్మా? మొగుడు నాబాలు మూర్ఖుడు. అతని మూర్ఖత్వం వల్ల ఇంటిమీదికి కత్తులు వస్తున్నాయి. ఆమె మొగుడికి చెప్పకుండా రెండు వందల రొట్టెలు, అయిదు గొర్రెల మాంసం గాడిదల మీద వేయించుకొని దావీదుకు ఎదురెళ్ళింది. మొగుడు మూర్ఖుడని నోటితోనే చెప్పింది. దేవుడే నిన్ను పంపాడన్నాడు దావీదు. ఓర్చుకో అని ఆమెతో ఎవరూ అనలేదు.

పెద్దమ్మ: ఆ చెయ్యి సంగతి నీకొక్కదానికే తెలుసనుకుంటున్నావా?

అమ్మాయి: అంటే?

పెద్దమ్మ: కట్టు కట్టించుకొని వచ్చిన మర్నాడు వాళ్ళింటికి పోయాను. సమాజం నుంచి ఇంకో ఇద్దర్ని తీసుకుపోయాను. అతను మంచం మీద కూచుని టీవీ చూస్తున్నాడు. టీవీ కట్టేసి ఎదురుగా పీట వేసుకొని కూచున్నాను. ఇంకోసారి ఈ చేతి మీద చెయ్యి పడితే ఆదివారం సంస్కారం బల్ల దగ్గరే లేచి చెబుతాను, సోమవారం స్టేషన్లో చెబుతాను అన్నాను. ఆమెను, పిల్లల్ని పది రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు పోయి చూసి వస్తున్నాను. అయ్యగారికి తెలీదు. ఎవరికీ తెలీదు.

అమ్మాయి: పెద్దమ్మా! ఇంతసేపూ నాతో ఓర్పు, మౌనం అని వాదించావు. నువ్వు చేసింది అబీగయీలు పనే కదా. స్త్రీల ఆదివారం నాడు ఇది ఎందుకు చెప్పవు? ఏటా నువ్వు లేచి చెప్పే సాక్ష్యం ఏమిటి? పెదనాన్న జబ్బు, నీ ఉపవాసాలు, నువ్వు ఓర్చుకున్న కష్టాలు. టీవీ కట్టేసి పీట వేసుకొని కూచున్న సంగతి ఒక్కసారీ రాదు. నీ వెనక కూచున్న ఆడపిల్లలు నీ దగ్గర ఓర్చుకోవడం ఒక్కటే నేర్చుకుంటున్నారు.

పెద్దమ్మ: కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదు.

అమ్మాయి: అది దానం సంగతి. ఓర్చుకున్నది మాత్రం మైకులో చెప్పుకోవచ్చా?

పెద్దమ్మ: ...నువ్వు నర్సువి కాక ప్లీడరు కావాల్సింది. సరే విను. నా సంగతి నేను చెబుతానేమో. ఒట్టు వెయ్యను, ఆలోచిస్తాను. ఆమె సంగతి మాత్రం నువ్వు ఎత్తడానికి వీల్లేదు. మూడో వరసలో కూచుంటుంది ఆమె. పేరు చెప్పకపోయినా చేతికి కట్టు ఉంది. ముందు పోయి ఆమెను అడుగు. చెప్పుకోవాలనిపిస్తే ఆమే చెబుతుంది. ఆమె తరఫున నువ్వు తేల్చేస్తే, స్లాబు రోజున కమిటీ నాకు చేసినట్టే అవుతుంది.

అమ్మాయి: అడుగుతాను. రేపు కట్టు మార్చడానికి వస్తుంది. ఒప్పుకోకపోతే?

పెద్దమ్మ: ఒప్పుకోకపోతే నీ సెలోపెహాదు కూతుళ్ళే. సామెతలు 31 మాత్రం చదవాల్సిందే, అది నేను వదలను. ఒకటో వచనం నుంచి చదివించు కావాలంటే. ఇంకో మాట. ఆ అయిదుగురి పేర్లు నీళ్ళు నమలకుండా చదవాలి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. పోయినసారి వాక్యం చదివినావిడ రూతు గ్రంథంలోనే తడబడింది.

అమ్మాయి: చదువుతాను.

పెద్దమ్మ: 36వ అధ్యాయం కూడా.

అమ్మాయి: 36 చదివితే యెహోషువ 17 కూడా చదువుతాను. అక్కడ వాళ్ళు మళ్ళీ వెళ్ళి, దేవుడు ఇమ్మన్నాడుగా ఏదీ అని పెద్దల్ని నిలదీసి భూమి తీసుకున్నారు.

పెద్దమ్మ: తీసుకున్నారా? ఆ భాగం నాకు గుర్తు లేదు. నా కళ్ళజోడు ఇటివ్వు, నేను చూసుకోవాలి.